పురిటి గది మీది దూలం

ఇల్లు ఎలా నిలబడుతుందో నేను వెల్లకిలా పడుకుని నేర్చుకున్నాను. కట్టించిన మా తాతకీ, అందులోనే పుట్టి పెరిగిన మా నాన్నకీ తెలియని సంగతులు ఆ ఇంటి గురించి నాకు తెలిశాయంటే అందులో నా గొప్పేమీ లేదు. రోజుల తరబడి కదలకుండా పైకప్పు చూస్తూ పడి ఉంటే ఎవరికైనా తెలుస్తాయి. కాకపోతే మగవాళ్లని అలా ఎవరూ పడుకోబెట్టరు.

యుద్ధం నడుస్తున్న రోజులు. కిరసనాయిలుకి కరువు. నాలుగు ఇనుప మేకులు కావాలంటే విజయనగరం బజారంతా తిరగాల్సి వచ్చేది. నాకు పద్దెనిమిదో ఏడు. అత్తవారిది శ్రీకూర్మం వైపు. తొలిచూలు పురిటికి రామతీర్థం దగ్గరున్న మా పుట్టింటికి వచ్చాను. ముసురు పట్టిన శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది.

మాది మట్టిగోడల పెంకుటిల్లు. పడమటి చివరి గది పురిటికి ఇచ్చారు. గది నడిమీదుగా ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకటే దూలం, దాని కిందే నా మంచం. ఇంకోవైపు జరపడానికి చోటు లేనంత ఇరుకు గది. తలవైపు గోడలో జానెడు కిటికీ ఉండేది. గాలి కొడుతుందని దానికి గోనెసంచి కట్టారు. ఆ గోడకి అవతల వసారా.

పురిటి మైల పదిరోజులు. పదకొండోనాడు స్నానం అయ్యేదాకా నేను గడప దాటకూడదు. మా అమ్మా, మంత్రసానీ తప్ప మరో మనిషి లోపలికి రాకూడదు. బయటి వస్తువు లోపలికి రావచ్చు గాని, లోపలిది గడ్డిపరకైనా బయటికి పోకూడదు. మా అమ్మ ఈ పట్టింపులన్నీ ఊళ్లో అందరికంటే ఒక పిసరు ఎక్కువే పట్టేది. దానికి కారణం ఉంది. నాకంటే ముందు ఆమెకి ఒక కొడుకు పుట్టాడు. ఇంట్లో వాననీళ్లు వచ్చాయని ఏడోనాడు తల్లినీ బిడ్డనీ వేరే ఇంటికి మార్చారు. తొమ్మిదోనాడు బిడ్డ పోయాడు. అప్పటినుంచి ఆమెకి గడప అంటే గడపే.

మూడోనాడు పొద్దున బిడ్డ మీద కప్పిన పాతచీర ముక్క మీద దుమ్ము కనిపించింది. దులిపాను. గంట తరవాత మళ్లీ పడింది. పైకి చూస్తే దూలం అడుగున, గోడ నుంచి జానెడు దూరంలో, సన్నటి పగులు. నిన్న లేదు. నాకు బాగా తెలుసు, ఎందుకంటే నిన్నంతా నేను చూసింది ఆ దూలాన్నే. దాని మీద కర్ర కన్ను ఎక్కడుందో, బాడిసె దెబ్బ ఎక్కడ లోతుగా దిగిందో అన్నీ లెక్కపెట్టి ఉన్నాను.

మా అమ్మతో చెప్పాను. ఆమె గుమ్మం దగ్గర నిలబడి మా నాన్నతో చెప్పింది. మా నాన్న వసారాలోంచే తేల్చేశాడు.

"అది గుగ్గిలం కర్రే! ఏనుగెక్కినా ఇరగదు. బాలింతకి కల్లు తిరిగితే దూలమూ తిరుగుతాది. పడుకోమను."

ఒళ్లు మండింది. మనిషిని కని మూడురోజులైనా కానివాళ్ల మాటకి విలువుండదు కాబోలు. నోరుమూసుకుని పగులు చూస్తూ పడుకున్నాను. ఐదోనాటికి పగులు కన్ను దాటింది. నాకు జ్వరం వచ్చింది. ఇక మంత్రసాని కూడా జ్వరంలో మాటలే అంది. ఆరోనాడు మధ్యాహ్నం, బయట వాన ఉరుముతూ ఉండగా, దూలం మూలిగింది. వసారాలో ఉన్న మా నాన్నకి కూడా వినిపించింది. ఆయన గొడుగైనా తీసుకోకుండా పరిగెత్తాడు.

తీసుకొచ్చింది వడ్రంగి తాతని. మా తాతకి ఆ ఇంటి దూలం ఎత్తింది ఆయనే. అప్పటికి ఆయనకి మీసాలైనా రాలేదట. మా నాన్న ఆయన్ని చిన్నాన్న అని పిలిచేవాడు, మా అమ్మ మావా అనేది. మామూలప్పుడు మైలకి జడిసే మనిషి కాదు గాని, ఆయనకి ఆ రోజుల్లో మా గది గడప తొక్కడానికి లేదు. ఊరి రామాలయానికి గరుడ వాహనం చెక్కుతున్నాడు. మండలం దీక్ష. ఒంటిపూట తిండి, నేల మీద పడక. మధ్యలో మైల సోకితే దీక్ష పోయినట్టే. ఆపైన ఆ కర్రని ఆ మనిషి ముట్టకూడదు, ఇంకొకరు పూర్తి చేయాలి. ఆ పని తనకి దక్కాలని ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో ఊరందరికీ తెలుసు. ముక్కు, రెక్కలు అయిపోయాయి. కళ్లు తెరవడం ఒక్కటే మిగిలింది.

అందుకని ఆయన వసారాలోనే ఆగాడు. కిటికీకి కట్టిన గోనె అవతల నుంచి గొంతు వినిపించింది. పెద్ద గొంతేమీ కాదు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది.

"మనవరాలా, నువ్వేనేటి పగులు సూసింది?"

"నేనే తాతా."

"పడ్డ దుమ్ము ఏలితో నలిపి సెప్పు. పిండిలాగున్నాదా, రవ్వలాగున్నాదా?"

నలిపాను. "రవ్వలాగుంది. సన్న పీచు కూడా ఉంది."

"పిండయితే పురుగు. తడిమట్టయితే సెద. పీసొస్తన్నాదంటే కర్ర ఇరుగుతన్నాది." తరవాత మా నాన్నతో అన్నాడు. "ఒరే బాబూ, మూడు రోజుల కిందట పిల్ల సెప్పినప్పుడే నాకు కబురెట్టాలి గదరా."

మా నాన్న ఏమన్నాడో వినపడలేదు. నాకు జ్వరం సగం దిగినట్టయింది.

ఆయన వసారాలో గోడకి ఒక కర్ర ఆనించి, దాని రెండో కొసకి చెవి పెట్టి విన్నాడట. తరవాత గోడని అక్కడక్కడ పిడికిలితో తట్టాడు. ఎప్పుడో పెంకు జారి వాననీరు గోడలోకి దిగిందనీ, గోడలో ఉన్న దూలం కొన కుళ్లిపోయిందనీ, మిగతా దూలం గట్టిదేననీ చెప్పాడు. గోడ తవ్వలేదు, దూలం చూడలేదు. తరవాత గోడ తవ్వినప్పుడు ఆయన చెప్పినట్టే, చెప్పినచోటే, చెయ్యి పెడితే ముద్దలా వచ్చేసే కర్ర కనబడిందని మా నాన్న ఏళ్ల తరబడి అందరికీ చెప్పుకున్నాడు.

"తల్లినీ బిడ్డనీ అవతలి గదిలోకి మార్సీండి," అన్నాడు తాత.

"సంపీసినా మార్సను మావా," అంది మా అమ్మ. "ఒకసారి మార్సినాను. ఇంక మార్సను."

ఆ సంగతి ఆయనకీ తెలుసు. వాదించలేదు. తరవాత, "సరే కోడలా, అయితే పని మీరే సెయ్యాల," అన్నాడు.

ఇక్కడి నుంచి నేను చూసినది నమ్మమని ఎవరినీ బలవంతపెట్టను. ఎప్పుడూ అట్లకాడా, కొడవలీ తప్ప పట్టని ఇద్దరు ఆడవాళ్లు, గోడ అవతలి మనిషి మాట పట్టుకుని, మా ఇంటి కప్పుని ఎత్తి పట్టుకున్నారు. ముందు తాత, దూలానికి ఊతగా నిలబెట్టే రెండు పోటుకర్రలు గుమ్మంలోంచి లోపలికి తోశాడు. ఏ కర్ర ఎక్కడ నిలబెట్టాలో, ఎంత వాలుగా పెట్టాలో చెప్పాడు. ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా చెక్కిన ముక్కలు ఇచ్చి, వాటిని కర్రల అడుగున పెట్టి సుత్తితో తట్టమన్నాడు. మంత్రసాని చెయ్యి దిట్టమైనది, వడ్లు దంచిన చెయ్యి. ఆమె ఒక దెబ్బ వేస్తే మంచం అదిరింది.

"దెబ్బ కాదు తల్లీ, తట్టు. పిల్లని జోకొట్టినట్టు తట్టు," అన్నాడు గోడ అవతల నుంచి. తరవాత నాతో, "మనవరాలా, నువ్వు దూలం మీంచి కన్ను తీకు. పగులు మూసుకుంటే సెప్పు, తెరుసుకుంటే సెప్పు. అబద్దం మాత్రం సెప్పకు."

ఒక్కో తట్టుకీ నేను చెప్పాను. "కదల్లేదు. కదల్లేదు. వెంట్రుకంత మూసుకుంది. ఇప్పుడు ఆగిపోయింది." ఆగింది అనగానే ఆయన ఆపమన్నాడు. ఇంకో తట్టు వేస్తే అటువైపు పెంకులు జారేవట. నేను ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పి నెగ్గిన మనిషిని కాదు. నా మాట మీద ఇల్లు ఆగింది.

దూలం మార్చడానికి వీల్లేదు కాబట్టి దానికి ఒక చెయ్యి అందిస్తానన్నాడు. ఆ మాటే అన్నాడు, చెయ్యి అని. నిలువెత్తు పొడుగున్న కొత్త గుగ్గిలం కర్ర. పశువులశాల అటక మీద ఎప్పటినుంచో ఎండుతూ పడి ఉన్నది. దాన్ని వసారాలోంచి గోడకి కన్నం పెట్టి, దూలం అడుగుకి లోపలికి తోస్తాడు. దాని తోక వసారా దూలం కింద బిగుస్తుంది, నడుము గోడ మీద ఆనుతుంది, కొస రెండు మూరలు గదిలోకి వచ్చి పాత దూలాన్ని మంచి కర్ర ఉన్నచోట మోస్తుంది. తాను గడప తొక్కక్కర్లేదు, నేను మంచం దిగక్కర్లేదు.

చిక్కల్లా ఒకటే. పాత దూలం అడుగు నాటుకర్ర అడుగు, ఎగుడుదిగుడుగా ఉంది. కొత్తదాని వీపు సరిగ్గా దానికి తగ్గట్టు ఉంటేనే బరువు సమంగా పడుతుంది. లేకపోతే ఒక్కచోటే పడి కొత్తదీ విరుగుతుంది. ఆ దూలం అడుగు ఆయన చూడలేడు. మట్టిముద్ద ఒత్తి అచ్చు తీసి బయటికి ఇద్దామంటే లోపలిది బయటికి పోకూడదు.

"కొలత మాటకి మైల లేదు గదా," అన్నాడు తాత.

చిత్రిక పట్టిన తిన్నని బద్ద ఒకటి కిటికీలోంచి లోపలికి ఇచ్చాడు. దాని మీద బొగ్గుతో ఏడు గీతలు. దాన్ని దూలం అడుగున ఆనించి పట్టుకుని, ఒక్కో గీత దగ్గర ఎంత సందు ఉందో వేళ్లతో కొలిచి చెప్పమన్నాడు. మంత్రసాని పీట మీద పీట వేసుకుని ఎక్కింది. "రొండేళ్లు. ఏలున్నర. రొండేళ్ల మీద పిసరు..." ఆయన బయట తిరిగి అనుకుంటూ గీతలు గీసుకున్నాడు. నాలుగు గీతలయ్యేసరికి ఆమెకి చెయ్యి లాగింది. మిగతా మూడూ మా అమ్మ ఎక్కి కొలిచింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా వసారాలో బాడిసె చప్పుడు. మొదట నాకు తలనొప్పిగా ఉండేది. తరవాత విన్నకొద్దీ దానికో తీరు ఉందని తెలిసింది. మూడు గట్టివి, ఒక మెత్తనిది, కాస్త ఆగడం. ఆ ఆగినప్పుడు ఆయన అరచేత్తో కర్రని నిమురుతున్నాడని మా నాన్న చెప్పాడు. బిడ్డ ఆ చప్పుడుకి చక్కగా నిద్రపోయింది.

కన్నంలోంచి ముందు వెలుతురు వచ్చింది. ఆరు రోజుల తరవాత చూసిన బయటి వెలుతురు. వెనకే పసుపు రాసిన కర్ర ముక్కు వచ్చింది. మెల్లగా, ఎద్దు దొడ్లోకి తల పెట్టినట్టు, లోపలికి వచ్చి దూలం కింద ఆగింది. ముగ్గురం ఊపిరి బిగపట్టి చూశాం. కుదరలేదు. కొసన తన్నుకుని, గోడవైపు వేలు దూరేంత సందు వదిలేసింది.

నేను సందు ఎక్కడెక్కడ ఉందో ఏడుపు గొంతుతో చెప్పాను.

"మొదటి నాలుగు గీతల కాడా ఒకటే సందు, అవతలి మూడూ తన్నేస్తన్నాయి. అంతే గదా?" అన్నాడు తాత. ఆ వెంటనే, "నాలుగో గీత తరవాత కొలిసిన సెయ్యి మారిందేటి?" అని అడిగాడు.

మంత్రసాని తన వేళ్లు మా అమ్మ వేళ్ల పక్కన పెట్టి చూసింది. ఆమె వేళ్లు నా బొటనవేలంత లావు. మా అమ్మవి సన్నటివి. మా అమ్మ రెండున్నర అన్నది మంత్రసాని చేతిలో రెండే. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురికీ తట్టలేదు. గోడ అవతల కూర్చున్న మనిషి కర్ర తన్నిన చోటుని బట్టి, ఎవరి చెయ్యి ఎక్కడ మొదలైందో చెప్పేశాడు. అప్పటిదాకా ఆయన మంచి పనివాడనుకున్నాను. ఆ క్షణం నుంచి నాకు ఆయనంటే భయం లాంటి భక్తి.

"తప్పు నాది," అన్నాడు. "ఎవరి ఏలని అడగలేదు. కర్ర తోక బయటే ఉన్నాది, అదింకా లోపలిది కాలేదు, ఎనక్కి లాగొచ్చు. ఎక్కువై తన్నింది గాబట్టి సెక్కొచ్చు. తక్కువయితే కొత్త కర్రకి ఎక్కడికెల్దుము? కోడలా, ఒక గంపలో వడ్లు రొండు పాళ్లు సేయించు. ఒక పాలు లోపల, ఒక పాలు నాకు."

వేళ్ల బదులు వడ్లగింజలు. సందులో పట్టే పుల్లని విరిచి, దాని పక్కన గింజలు పడుకోబెట్టి పేర్చి, ఎన్నో చెప్పాలి. ఒకే గాదెలో వడ్లు, గోడకి ఇవతలా అవతలా ఒకటే కొలత. నేనే బిడ్డ పక్కన పక్క మీద గింజలు పేర్చి లెక్క చెప్పాను. "తొమ్మిది. ఏడు. ఏడున్నర." గింజని సగానికి కొరికి మరీ కొలిచాను. ఆయన నవ్విన చప్పుడు వినిపించింది.

ఎనిమిదోనాడు పొద్దున రెండోసారి తోశాడు. ఈసారి చప్పుడు లేదు. కొత్త కర్ర పాత దూలం అడుగున ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రంగు తేడా లేకపోతే చెప్పలేం. మంత్రసాని వరిపొట్టు తీసి సందులో దూర్చబోయింది. దూరలేదు. మరోచోట ప్రయత్నించింది. అక్కడా దూరలేదు. ఆమె ఆ పొట్టుని చేతిలో పట్టుకుని, "ఇది మనిసి పనేనేటి?" అంది. ఎప్పుడూ చూడని దూలం, గోడ అడ్డం, మా ముగ్గురి మాటలూ పట్టుకుని ఆయన ఆ కర్రకి మరో కర్ర ఒంపులన్నీ నేర్పేశాడు. మంచం మీంచే ఆ కర్రకి దండం పెట్టాను.

ఇక పోటుకర్రలు తీయడం మిగిలింది. స్నానం దాకా ఉండనిద్దాం, మూడు రోజులే కదా అంది మా అమ్మ. తాత ఒప్పుకోలేదు. ముసురుకి నేల మెత్తబడి ఒక పోటు కిందికి దిగుతోంది, రెండోది దిగడం లేదు. అలా వదిలేస్తే అదే దూలాన్ని పక్కకి తోసి కొత్త కర్ర మీంచి జార్చేస్తుంది. ఇవాళే తీయాలి. తీసిన క్షణాన కప్పు బరువంతా కొత్త చేతి మీదికి వస్తుంది. అది నిలిచిందా సరే. నిలవలేదా, దూలమూ వాసాలూ పెంకులూ మా మంచం మీదే.

"తాడు కట్టి బయట్నించి లాగీమంటావా సిన్నాన్నా?" అన్నాడు మా నాన్న.

"లాగితే కుదుపొస్తాది."

"మంత్రసాని కొడతాది."

"దాని సెయ్యి నాకు తెలుసు."

మంచం మీంచి నాకు గుమ్మం కనిపిస్తుంది. అక్కడికి తాత, ఆ పొట్టి ముసలాయన, వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషే గాని, మూడు రోజులుగా విన్న గొంతుకి నేను మనసులో కట్టుకున్న ఆకారం అది కాదు. బక్కపలచన, మోకాళ్ల పైకి పంచె, ఒళ్లంతా కర్రపొట్టు. చేతిలో కర్రసుత్తి. కాళ్ల దగ్గర గడప కేసి ఒకసారి చూశాడు.

"బాబూ, మైల!" అని మంత్రసాని కేక పెట్టింది. వసారాలోంచి మా నాన్న "సిన్నాన్నా, వాహనం..." అని ఏదో అనబోయాడు.

ఆయన గడప దాటాడు. నేరుగా వచ్చి నా మంచం పట్టె పక్కన, సరిగ్గా దూలం కింద, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. బిడ్డ తల మీద ఆయన తల ఉంది. పైనుంచి ఏది పడినా ముందు ఆయన మీదే పడుతుంది.

"నువ్వు పైకి సూడు," అన్నాడు నాతో. "నాను నిన్ను సూస్తాను."

నిజంగానే ఆయన దూలం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా ముఖం చూస్తూ, పక్కనున్న పోటు అడుగున చెక్కముక్కని తట్టాడు. ఒకటి. రెండు. నా కళ్లలో ఏం చూశాడో గాని మూడోది ఆలస్యంగా తట్టాడు. మొదటి పోటు వదులైంది, మా అమ్మ పట్టుకుని పక్కన పెట్టింది. రెండోదానికి వచ్చేసరికి నా పళ్లు గిట్టకరుచుకున్నాయి. తట్టాడు. పైన ఎక్కడో కర్ర బరువుగా ఒక్క నిట్టూర్పు విడిచింది. కాస్త మట్టి ఆయన బట్టతల మీద రాలింది. పగులు అలాగే ఉంది. చూస్తూ ఉన్నాను. అలాగే ఉంది.

"నిలిసింది తాతా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన తల మీది మట్టి తుడుచుకోలేదు. వేలు చాపి బిడ్డ అరికాలు ముట్టాడు. అప్పటికి మైల ఎలాగూ సోకేసింది. లేచి వెళ్లిపోయాడు.

వసారాలో మా నాన్న గొంతు వినిపించింది. పెద్దవాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. "ఎన్నేల్లో కాసుకున్నావు సిన్నాన్నా. ఒక్క కల్లే గదా మిగిలింది. ఇప్పుడింకోడు తెరుస్తాడు."

"తెరవనీ. ఎవుడు తెరిసినా దేవుడికి సూపొస్తాది," అన్నాడు తాత. "ఆ పిల్ల నెత్తి మీద దూలం నానెత్తింది. దాని కిందన తల్లీబిడ్డల్ని కూకోబెట్టి నాను బయట నిలబడతానేటి?" తరవాత, "ఎలాగూ దీచ్చ పోయింది. ఒక సుట్ట ఉంటే ఇయ్యిరా," అన్నాడు.

కన్నం పక్కన ఇంకా పూడ్చని సందులోంచి చుట్ట పొగ గదిలోకి వచ్చింది. మంత్రసాని, "బాలింత గది అని గేనం లేదేటి!" అని గోడ మీద దబదబా బాదింది. ఆయన దగ్గుతూ, "తప్పే, తప్పే," అనుకుంటూ వానలోకి దిగి వెళ్లిపోయాడు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. పచ్చి బాలింత ఏడవకూడదని మా అమ్మ నన్ను కసిరింది. కొంగుతో కళ్లొత్తుకుంటూనే కసిరింది.